చుక్కల భూముల్లో ఇరవై నాలుగు చుక్కలు

బయల్దేరక ముందు, హైదరాబాదులో

పగలంతా ఆఫీసులో క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేరు తెరిచి కాలనీలకు నీటి పైపులు గీస్తుంటాను. రాత్రి అన్నం తిన్నాక అదే సాఫ్ట్‌వేరు ఇంట్లో మళ్ళీ తెరుస్తాను. ఈసారి పైపుల కోసం కాదు, కలివికోడి కోసం.

కడప జిల్లా వాళ్ళకు ఈ పిట్ట కథ చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం రెండు ముక్కలు. జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848లో దీన్ని లోకానికి చెప్పాడు. 1900లో అనంతపురం వైపు కనిపించిందన్నారు. ఆ తర్వాత ఎనభై ఆరేళ్ళు అయిపు లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల పక్కన, రెడ్డిపల్లి దగ్గర, ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఆ ఒక్క పిట్ట వల్లనే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, సుమారు 464 చదరపు కిలోమీటర్లు. తర్వాత తెలుగుగంగ కాలువ దాని చిట్టడవి గుండా వెళ్ళబోతే గొడవై, కాలువ దారే మార్చారు. అంత చేసినా ఈ శతాబ్దం మొదటి దశాబ్దం దాటాక ఏళ్ళ తరబడి గట్టి ఆధారం దొరకలేదు.

పగలు కనపడదు. పొద్దుగూకిన ముప్పావు గంటకు కాసేపు కూస్తుంది, అంతే. కాబట్టి వెతకడమంటే సరైన చోట, సరైన వేళకు, నోరు మూసుకుని నిలబడటం. సరైన చోటు ఏది? మా చిన్న గుంపులో ఆ పని నాకు పడింది. అభయారణ్యం లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టాం, వస్తుంది. ఈలోగా బయట ఉన్న ప్రభుత్వ భూముల్లో ఇరవై నాలుగు చోట్లు ఎంచి, వాటిని ఒకసారి కాళ్ళతో తొక్కి చూసి రావాలని ఫిబ్రవరిలో బయల్దేరాను.

ఆ చోట్లకు పటం మీద చుక్కలు ఎలా వచ్చాయో చెప్తాను, ఎందుకంటే తర్వాత జరిగిన తప్పులన్నీ ఇక్కడే ఉన్నాయి. ముందు అడవి హద్దు నుంచి బయటికి ఐదు కిలోమీటర్ల పట్టీ గీశాను. అందులోంచి ఏటవాలు ఎక్కువున్నది తీసేశాను, ఈ పిట్టకు చదును నేల కావాలి. ఊళ్ళకు అర కిలోమీటరు, తారు రోడ్లకు రెండు వందల మీటర్లు వదిలేశాను. సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మల్లో వర్షాల తర్వాత పచ్చగా ఉండి ఎండలకు వాడిపోయే చోట్లు ఉంచాను. రెండు కాలాల్లోనూ పచ్చగా ఉంటే అది తోటైనా అయ్యుంటుంది, సర్కారు కంపైనా అయ్యుంటుంది. బియ్యం జల్లెడ పట్టినట్టు ఒక్కో జల్లెడకూ సగం రాలిపోయింది. ఇంకొక జల్లెడ నా సొంత తెలివి: గొర్రెల మందల దారులు. చిత్రాల్లో అవి దారప్పోగుల్లా తెల్లగా కనిపిస్తాయి, అన్నీ ఒక నీటి గుంట వైపు చేరతాయి. తొక్కిడి ఉన్న చోట పిట్ట ఉండదనుకుని, ఆ పోగులకు మూడు వందల మీటర్ల లోపు భూమంతా చెరిపేశాను.

మిగిలిన దాంట్లో ఏది ప్రభుత్వానిది? గ్రామ పటాలకు అక్షాంశాలు రేఖాంశాలు ఉండవు. స్కాన్ చేసిన కాగితాన్ని చెరువు కట్ట, వంకల కలయిక లాంటి గుర్తులు పట్టుకుని భూమ్మీద అతికించాలి. ఈ పనికి సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లు వాడాను. సిద్ధవటం 57 జే షీటులో వస్తుంది, బద్వేలు 57 ఎన్ షీటులో. మధ్యలో 79 డిగ్రీల గీత. ఆ గీత దగ్గర రెండు షీట్లూ కలపడానికే రెండు రాత్రులు పట్టింది.

అతికించాక సర్వే నంబర్లకు రంగులేశాను. మేత పోరంబోకు ఆకుపచ్చ, వంక పోరంబోకు నీలం, గయాళు (బీడు భూములు) పసుపు, పేదలకిచ్చిన డీకేటీ పట్టాలు నారింజ, వాటి జోలికి పోకూడదు. ఇంకో రకం ఉంది, దానికి ఏ రంగు వెయ్యాలో తెలియక బూడిద వేశాను. చుక్కల భూములు. బ్రిటిషు కాలం నాటి రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసినవి. సర్కారుదని రాయలేదు, రైతుదనీ రాయలేదు. వాటి లెక్క తేల్చడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. సాఫ్ట్‌వేరులో ‘యాదృచ్ఛిక బిందువులు’ అని నొక్కితే ఇరవై నాలుగు చుక్కలు రాలాయి. అందులో ఐదు బూడిద రంగులో పడ్డాయి. చుక్కల్లో చుక్కలు అని నవ్వుకున్నాను.

మొదటి రోజు

తెల్లారేసరికి కడప స్టేషను. ఎర్రకారం దోసె తినకుండా బస్సెక్కితే పాపమని మా బావ ముందే హెచ్చరించాడు, తిన్నాను. సిద్ధవటం కోట, పెన్న ఇసుక, అట్లూరు. ఎడమవైపు లంకమల బద్వేలు దాకా తోడొచ్చింది. బావ అక్కడే బడిపంతులు. సెలవు పెట్టి, బండిలో పెట్రోలు పోయించుకుని తయారుగా ఉన్నాడు.

పొద్దున్నంతా కాగితాలతో సరిపోయింది. తహసీల్దారు ఆఫీసులో ఒక లెటరు, పోలీసు స్టేషన్లో ఒక లెటరు, రెంటిమీదా రౌండు ముద్ర. ప్రభుత్వ భూమిలో నిలబడటానికి ఎవరినడగాలి అని హైదరాబాదు మిత్రులు అడిగారు. ఇది ఎర్రచందనం సీమ. ఇక్కడ చీకట్లో టార్చిలైటు పట్టుకుని తిరిగేవాడు ముందు తనెవరో చెప్పుకోవాలి, పిట్ట సంగతి తర్వాత.

సాయంత్రానికి మూడు చుక్కలు చూశాం. ఒకటో నంబరు బాగుంది. రెండో దానికి దారి లేదు. లోతైన వంకకు అవతల ఉంది, చీకట్లో దాటితే కాలు విరుగుతుంది. మూడోది చీనీ తోట! నిలువునా అడ్డంగా వరసలు, డ్రిప్పు పైపులు. అంటు కట్టిన మొక్కలు మోకాటి ఎత్తు కూడా లేవు. నేను వాడిన ఉపగ్రహ చిత్రంలో ఒక్కో గడి పది మీటర్లు. ఆ గడిలో జానెడు చీనీ మొక్క ఎక్కడ కనపడుతుంది? దానికి ఎర్రమట్టి కనిపించింది, ఎర్రమట్టి అనే చెప్పింది.

“మూడుకు రెండు పోయినాయి గదా బావా,” అన్నాడు బావ.

“ఒకటి నిలబడింది గదా,” అన్నాను.

రెండో రోజు

తెల్లారి ఆరింటికే ఎనిమిది నుంచి పదమూడు దాకా చూడాలని బయల్దేరాం. ఎనిమిదో చుక్క మేత పోరంబోకులో, ఆకుపచ్చ రంగు మధ్యలో, ఏ గొడవా లేని చోట ఉంది. ఫోనులో క్యూఫీల్డ్ యాప్ చూపిస్తున్న బాణం వెంట పోయి, బాణం సున్నా మీటర్లు అన్న చోట తలెత్తి చూస్తే చెనిక్కాయ చేనులో నిలబడి ఉన్నాను. గట్టు మీద గడ్డి కోస్తున్న ఆమె కొడవలి పట్టుకునే లేచి వచ్చింది.

“ఎవరప్పా మీరు? కొలతలకొచ్చినారా?”

“లేదక్కా, పిట్టల కోసం…”

“పిట్టల కోసమైతే ఫోను చూసుకుంటా చేన్లోకి దిగుతారా? మా చేను మాదే, కాయితాలుండాయి.”

బావ ముందుకొచ్చి, తను ఫలానా ఊరి బళ్ళో సారునని చెప్పుకుంటే గానీ ఆమె గొంతు తగ్గలేదు. అప్పుడు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. కొలతల మాట ఎందుకన్నదో అప్పుడు తెలిసింది. వాళ్ళ మామ కాలం నుంచి దున్నుతున్న పైచేను చుక్కల భూమి అంట. కూతురు పెళ్ళికి అందులో ఎకరం అమ్ముదామని రిజిస్ట్రారాఫీసుకు పోతే, నిషేధిత జాబితాలో ఉందని తిప్పి పంపారు. “మా మామ పేరు రాయాల్సిన కాడ చుక్కలు పెట్టినారంట. చుక్కలు పెట్టినోడు యాడుండాడో, వాన్ని యాడ అడగాల?” అంది. నా ఫోనులో ఆ పైచేను బూడిద రంగులో ఉంది. దాని నడిమధ్య నా పదకొండో చుక్క.

పటంలో అది ఖాళీ. అక్కడ పోయి చూస్తే కంది కట్టె ఎండుతోంది.

పదకొండును అక్కడికక్కడే తీసేశాను. మరి ఎనిమిది ఎందుకు చేనులో పడింది? అది పోరంబోకే కదా. మధ్యాహ్నం పదో నంబరు దగ్గర చెరువు కట్ట మీద కూర్చున్నప్పుడు అర్థమైంది. ఫోనులో నేను కట్ట దిగి వాయవ్యంగా ఎక్కడో ఉన్నట్టు చూపిస్తోంది. నేనేమో కట్ట మీదే ఉన్నాను. పాత షీట్లు ఎవరెస్టు డేటమ్ మీద గీసినవి. భూమి ఆకారాన్ని 1830లో ఒకరకంగా లెక్కగట్టారు. ఇప్పటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్క వేరు. ఒకదాని అంకెలు రెండోదాని అంకెలనుకుని చదివితే ఈ ప్రాంతంలో దాదాపు రెండు వందల మీటర్లు తేడా వస్తుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు నేనే పాఠం చెప్తాను! రాత్రి పన్నెండింటికి నిద్రమత్తులో షీటు దిగుమతి చేసేటప్పుడు కింద ఉన్న పెట్టెలో ఎవరెస్టు ఎంచకుండా ఎదురుగా కనిపించింది నొక్కేశాను.

ఆ రాత్రి లాడ్జిలో లాప్‌టాప్ ముందు కూర్చుని, నాలుగు గ్రామాల పటాలు వాయవ్యానికి జరిపి మళ్ళీ అతికించాను. ఈసారి పాత షీటు కాదు, పగలు స్వయంగా ఫోనుతో తీసుకున్న గుర్తులే వాడాను: రెండు చెరువు కట్టలు, ఒక కల్వర్టు, మూడు ఊర్ల పొలిమేరలు కలిసే చోట నాటిన రాయి. ఆ రాయి చూపించింది కూడా చెనిక్కాయ చేను అక్కే. అతికించాక చూస్తే ఆరు చుక్కలు ప్రభుత్వ భూమి దాటి పక్క సర్వే నంబర్లలో ఉన్నాయి. ఆరూ పోయాయి.

బావ అప్పటికే గురక పెడుతున్నాడు.

మూడో రోజు

మంచి రోజు. పదిహేడో చుక్క దగ్గరే సగం పూట గడిపాం. బండి ఆపి పది నిమిషాలు నడిస్తే వస్తుంది. గులకరాళ్ళు, ఎర్రమట్టి, మధ్య మధ్య కలివి పొదలు, పరికి, రేగు. ఏ పొదా ఇంకో పొదను తాకడం లేదు. మధ్యలో మనిషి వంగకుండా నడవచ్చు. ఈ పిట్ట పేరే ఆ పొద మీద వచ్చింది. నిలువెత్తు మించిన పెద్ద పొదలు హెక్టారుకు మూడు వందల నుంచి ఏడు వందల దాకా ఉన్న చోట అది తిరిగేదని పాత పరిశోధనలు చెప్పాయి. మరీ పలచనైతే దాగలేదు, మరీ చిక్కనైతే పరిగెత్తలేదు. దీన్ని ఏ ఉపగ్రహమూ పొద పొదనా లెక్కపెట్టదు. అందుకే యాభై మీటర్ల తాడు, ఇరవై మీటర్ల తాడు తెచ్చుకున్నాం. రెంటితో ఒక దీర్ఘచతురస్రం పరిచి లోపలి పొదలు లెక్కపెట్టి పదితో గుణిస్తే హెక్టారు లెక్క. బావ రెండు మీటర్ల కర్ర పట్టుకుని ఒక్కో పొద పక్కన నిలబడతాడు, కర్రను మించితే నేను గీత గీస్తాను. నలభై ఆరు. అంటే నాలుగు వందల అరవై.

“పరీచ్చల్లో దిద్దినట్టుంది బావా,” అన్నాడు, చొక్కా చేతికి దిగిన కలివి ముల్లు పీక్కుంటూ.

మధ్యాహ్నం అక్కడికే ఒక పెద్దాయన నూటికి పైగా గొర్రెలతో వచ్చాడు. సంకటి మూట విప్పి మాకూ తలా ఒక ముద్ద పెట్టాడు, ఊరుబిండి నంజుకోను. ఫోనులో పటం చూపిస్తే కళ్ళు చిట్లించి చూసి, నీటి గుంటను వెంటనే గుర్తుపట్టాడు. తెల్ల పోగులు చూసి, “ఇవి మా మంద పోయే దావలు గదా!” అని మురిసిపోయాడు. ఆ పోగుల పక్కన భూమంతా చెరిపేశానని చెప్తే మురిపెం పోయింది.

“ఏంటికి తీసేసినావు నాయనా?”

“గొర్రెలు తొక్కుతాయి కదా తాతా, పిట్ట ఉండదని.”

“తొక్కితేనే గదా సందు ఉండేది! ఆ గుట్ట కాడికి పోయి చూడు. మూడేండ్లయింది మంద ఆడికి పోక. కంప ఎట్ల మూసుకొనిందో. కుందేలు గూడ దూరదు.”

పోయి చూశాం. నిజమే. నా పంతొమ్మిదో చుక్క ఆ గుట్ట పక్కనే ఉంది. ఉపగ్రహం లెక్కలో అన్ని పరీక్షలూ గట్టెక్కిన చుక్క అది. మనిషి చొరబడలేని గుబురు. మంద మరీ ఎక్కువైతే నేల బోడవుతుంది, అసలు లేకపోతే మూసుకుపోతుంది. ఆ మధ్య రకం ఎక్కడుందో తాతకు తెలుసు. నేను దాన్నే జల్లెడ పట్టి పారబోశాను. అడవి లోపలి కంటే ఈ మేత పోరంబోకుల్లో వెతకాలని నేనే వాదించి, మళ్ళీ మేత జరిగే చోటే వదిలేయడం ఏం తెలివో.

పిట్ట గురించి అడిగితే, “మా నాయన చెప్తాండె. నేను చూడలా,” అన్నాడు. చూశానని చెప్పి ఉంటే మేం ఎగిరి గంతేసేవాళ్ళం. ఆయనకు మమ్మల్ని సంతోషపెట్టే అవసరం లేకపోయింది. రెండు చోట్లు మాత్రం చూపించాడు. రెండూ పటంలో లేవు. ఇరవై ఐదు, ఇరవై ఆరు అని అక్కడే వేలితో నొక్కి పెట్టాను.

సాయంత్రం ఇరవై ఐదు దగ్గర అడుగుల పట్టీ వేశాం. ఐదు మీటర్ల పొడుగు, జానెడు వెడల్పు నేల మీద రాళ్ళు ఏరి, మట్టిని సన్నగా జల్లించి, రొట్టె పిండి పరిచినట్టు చదును చెయ్యాలి. రాత్రి దాని మీద నుంచి ఏది నడిచినా గుర్తు పడుతుంది. కలివికోడిని వెతికిన వాళ్ళు వాడిన పద్ధతే ఇది. బావ వాళ్ళింట్లోంచి తెచ్చిన పిండి జల్లెడ ఇక మళ్ళీ వంటింట్లోకి పోదు. అక్కకు ఎవరు చెప్పాలన్నది ఇద్దరం ఇంకా తేల్చుకోలేదు.

నాలుగో రోజు

ఎండ ఏటవాలుగా పడేటప్పుడే గుర్తులు కనిపిస్తాయని తెల్లవారుజామునే పోయాం. పట్టీ మీద కుందేలు దూకిన గుర్తులు, తేలు గీసుకుంటూ పోయిన గీత, ఒక చివర పిట్ట అడుగులు. గుండె ఝల్లుమంది. వంగి స్కేలు పెట్టాను. ముందు మూడు వేళ్ళు, వెనక ఒకటి. కౌజు. కలివికోడికి వెనక వేలుండదు. పోనీ, మట్టి సరిగ్గా జల్లించామని తేలింది.

మిగతా చుక్కలు చకచకా చూసేశాం. ఇందులో చెప్పుకోదగ్గవి లేవు. ఒకటి శ్మశానం. రికార్డులో పోరంబోకే, తప్పేం లేదు. రాత్రి అక్కడ నిలబడనని బావ ఖండితంగా చెప్పాడు. ఇంకోచోట కొత్తగా కంచె. దేనికో ఎవరూ చెప్పలేదు.

రాత్రి పదిహేడు దగ్గర రిహార్సలు చేశాం. రికార్డు చేసిన కూత వినిపించి పిట్టను పలికించే ప్రయోగాలేవీ లేవు, వాటికి అనుమతి వేరే. ఊరికే నిలబడి వినడం. తిరిగి వస్తుంటే దారికడ్డంగా రెండు బండ్లు, నలుగురు కుర్రాళ్ళు. మొహాన టార్చి కొట్టారు. దుంగల కోసమొచ్చిన వాళ్ళమనుకున్నారు. ముద్ర ఉన్న లెటరు తీసిస్తే టార్చి వెలుగులో పూర్తిగా చదివారు, ఒకడు ఫోటో కూడా తీసుకున్నాడు. నాకు కోపం రాలేదు. వాళ్ళ ఊరు, వాళ్ళ రాత్రి. అందులో ఒకడు బావ దగ్గర ఏడో తరగతి చదివాడట. “సార్, మీరా!” అని టార్చి ఆర్పేశాడు. “పిట్ట దొరికితే మా ఊరి పేరు రాయండి సార్,” అన్నాడు.

రాయను. ఈ వ్యాసంలో ఏ చుక్క ఎక్కడుందో కావాలనే చెప్పలేదు. అంతటి అరుదైన పిట్ట ఉండొచ్చన్న చోటుకు ముందు కెమెరాలు వస్తాయి, తర్వాత కార్లు వస్తాయి.

ఐదో రోజు

పొద్దున లెక్క చూసుకున్నాం. ఇరవై నాలుగులో మిగిలినవి తొమ్మిది. తాత చెప్పినవి రెండు. పదకొండు. హైదరాబాదులో మిత్రుడికి ఫోను చేస్తే, “సగానికి పైగా పోయాయా?” అని నిట్టూర్చాడు. రేపు పదకొండు జట్లు చీకట్లో వచ్చి చీనీ తోటల్లో, చెనిక్కాయ చేలల్లో నిలబడకుండా ఇప్పుడే పోవడం నయం కాదూ?

రైలు రాత్రి ఎప్పుడో. అందుకని చివరి సాయంత్రం ఇరవై ఐదు దగ్గరకే పోయాం. పొద్దు ఆరూ ఇరవైకి కొండ వెనక్కి దిగింది. మంద ఇంటిదారి పట్టింది. గంటల చప్పుడు చాలాసేపు వినిపించి ఆగిపోయింది. ఏడూ ఐదుకు గడియారం చూసి వినడం మొదలుపెట్టాం. గచ్చు మీద గోలీ ఎగిరెగిరి పడినట్టు కప్పిరిగాడు అనే రాత్రి పిట్ట కూసింది. ఎక్కడో బోరు మోటారు. దూరంగా ఎవరిదో పెళ్ళి మైకు. బావ దగ్గు ఆపుకోలేక చొక్కాలో మొహం పెట్టుకుని దగ్గాడు. ఏడూ నలభై ఐదు దాకా కూర్చున్నాం. రెండు ముక్కల ఆ కూత రాలేదు.

ఫోను తీసి ఫారం నింపాను. ‘కూతల సంఖ్య’ అన్న గడి దగ్గర వేలు ఆగింది. ఈ ఫారం నేనే తయారుచేశాను. ఏమీ వినపడకపోతే ఖాళీగా వదిలేయొచ్చని మొన్న ఎవరో అడిగితే సరేనన్నాను. ఖాళీగా వదిలితే ఇక్కడికి ఎవరూ రాలేదో, వచ్చి విన్నా పిట్ట పలకలేదో తర్వాత చూసేవాడికి ఎలా తెలుస్తుంది? ఆ గడిని ఖాళీగా ఉంచడానికి వీల్లేకుండా మార్చాలని నోటు రాసుకుని, సున్నా కొట్టి సేవ్ చేశాను.

“ఏం రాసినావు?” అన్నాడు బావ, బండి తంతూ.

“సున్నా.”

“దీనికా ఐదు రోజుల సెలవు పెట్టింది,” అని మూడో తన్నుకు బండి స్టార్టు చేశాడు. “మళ్ళెప్పుడు?”

“వచ్చే అమావాస్య దాటినాక. పదకొండు చోట్లకీ ఒకేసారి మనుషులు కావాలి.”

“ఇద్దరు టీచర్లను నేను పట్టుకొస్తా,” అన్నాడు. “జల్లెడ మాత్రం నువ్వే కొనిచ్చిపో.”